మైమూనా ఇంటి ముందు కాలువ వంకర

మా వీధిలో ఒక మాట తిరుగుతాంది. మా వార్డు కౌన్సిలర్ మైమూనా సర్కారు కాలువను తన ఇంటి ముందరికి తిప్పుకునిందంట. టీ అంగడి కాడ పుట్టిన మాట పాల బూత్ దాకా నడిచి, ఆడి నుంచి మా కిరాణా అంగడి అరుగు మీదికొచ్చి కూర్చునింది. చెప్పేవాళ్లు చెప్పి ఊరుకుంటే సరే. చెయ్యి పట్టుకుని తీసుకపోయి మరీ చూపిస్తాండారు.

"చూడవ్వా, పై నుంచి తిన్నగా దిగొచ్చిన కాలువకు ఈడ ఏమొచ్చింది? అడ్డం తిరిగి, రోడ్డు దాటి, ఆయమ్మ గడప ముందర పోయి, మళ్లా రోడ్డు దాటి ఈ పక్కకొచ్చింది. నీళ్లకేమన్నా మతి పోయిందా, లేకుంటే తిప్పుకున్నోళ్లు ఎవరన్నా ఉండారా?"

ఇట్ల నన్ను నిలబెట్టి చూపించినోడు జయప్రకాష్. బస్టాండు కాడ సిమెంటు అంగడి పెట్టుకునినాడు, రిజర్వేషను మారితే ఈసారి ఎలక్షన్లలో మా వార్డుకు తానే నిలబడాలని చూస్తాండాడు. మంచి పిల్లోడే. నోరే కొంచెం ముందు నడుస్తాది.

వంకర నిజమే. మా అంగడి మెట్ల మీద నిలబడితే నాకే కనపడతాది. కారణమే అబద్ధం. అబద్ధమని నాకు ముందే తెలుసు అంటే అది ఇంకో అబద్ధం అయితాది. నాకూ అనుమానం ఉండె. అందుకే ఒక్కొక్కరినే అడిగినా. అడిగి తెలుసుకున్నది తెలుసుకున్నట్టు రాస్తాండా. నా చదువు ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ముందు మైమూనా ఎవరో చెప్పల్ల. మా ఆళ్లగడ్డలో దేవుళ్లను చెక్కే కొట్టాలు రోడ్డు పొడుగునా ఉంటాయి. పొద్దున లేస్తే కోడి కూతకన్నా ముందు ఉలి చప్పుడు వినపడతాది. చెట్ల ఆకులు కూడా రాతిపొడి పడి తెల్లగా ఉంటాయి. ఆ కొట్టాలన్నిటికీ ఉలులకు పదును పెట్టేటోడు ఖాజా పీర్. కొలిమి ముందర ఆయప్ప కూర్చుంటే, తిత్తి ఊదేది ఆయప్ప కూతురు మైమూనా. పదునైన ఉలులను గోనెగుడ్డలో చుట్టుకుని కొట్టం కొట్టం తిరిగి ఇచ్చొచ్చేది. శిల్పులందరూ ఆ పిల్లకు మామలే. చెక్కుతాండే దేవుని పక్కన కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకునేది.

పెద్దదయినాక జాకెట్లు కుట్టడం నేర్చుకుంది. ఇర్షాద్‌ను పెండ్లి చేసుకుంది. బోరు మోటార్లు రిపేరు చేస్తాడు ఇర్షాద్, మాట తక్కువ మనిషి. ఇంటి ముందర మెట్లు, మెట్ల పక్కనే ఒక అరుగు కట్టుకుని, ఆ అరుగు మీద మిషను వేసుకునింది. గుడ్డ కుట్టించుకునేదానికి వచ్చినోళ్లు మెట్ల మీద కూర్చుంటారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు. కొలతలకన్నా కబుర్లకే ఎక్కువ పొద్దు పట్టేది. నాకు ఆడ ఒక మెట్టు ఖాయం.

మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయ్యేసరికి పార్టీవాళ్లు ఇర్షాద్ దగ్గరికి వచ్చిరి. "అన్నా, పేరు మీ ఆవిడది, పని నీది" అనిరి. గెలిచినాక జనం కూడా ఆయప్ప దగ్గరికే పోయేవాళ్లు.

"అన్నా, మా సందులో లైటు పోయింది."

ఇర్షాద్ గ్రీజు చేతులు తుడుచుకుంటా, "నేను మోటార్లు చూస్తానబ్బా. లైట్లు ఆయమ్మ చూస్తాది. లోపలుంది, పో" అనేవాడు.

ఆ ఒక్కమాటతో ఆయప్ప ఎంత మేలు చేసినాడో ఆయప్పకే తెలీదు. జనం లోపలికి పోవడం నేర్చుకునిరి.

మైమూనా మీటింగులు పెట్టదు. పొద్దున కొళాయి వచ్చేటప్పుడు ఒక ఖాళీ బిందె చంకన పెట్టుకుని వీధిలోకి వస్తాది. వాళ్లింట్లో బోరుంది, ఆయమ్మకు కొళాయి నీళ్లు అక్కర్లే. "మరి బిందె యాలమ్మే?" అని అడిగినా ఒకసారి.

"బిందె లేకుండా వస్తే కౌన్సిలర్ వచ్చిందని అందరూ సర్దుకుని మాట్లాడతారవ్వా. బిందెతో వస్తే వరుసలో నాతో కూడా కొట్లాడతారు. అప్పుడే అసలు సంగతి బయట పడతాది."

అట్ల బయట పడిందే ఈ కాలువ సంగతి. పైన కొట్టాల్లో ఇప్పుడు మిషన్లొచ్చినాయి. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లతో రాతిపొడి పాలమాదిరి కాలువలోకి దిగి, ఎండకు గట్టిపడి, కాలువ పూడిపోతాది. వాన పడితే ఇంక నీళ్లకు దావ ఉండదు. అంతా కింద సందులోకి దిగుతాది. ఆ సందులో లూదియా అని ఒక పిల్ల ఉంటాది, హాస్టల్లో వంట చేస్తాది. వాళ్ల నాయన శాంతయ్య పక్షవాతమొచ్చి మంచంలో పడుండాడు. పోయిన ఏడు వానకు ఇంట్లోకి మురికినీళ్లు వచ్చి, ఆ మంచం కాళ్ల కింద ఇటుకలు పేర్చి ఎత్తిరి. నీళ్లు ఇంకా పెరిగితే ఇంకో వరస పేర్చిరి. లూదియా కొళాయి వరుసలో మైమూనాను పట్టుకునింది.

"అక్కా, మా నాయన ఇంట్లోనే పడవ ఎక్కినట్టు ఉండాడు. నువ్వు కౌన్సిలర్వా, బిందెలు మోసేదానివా?"

ఆ తర్వాత సోమవారం మైమూనా నంద్యాలకు బస్సెక్కింది.

సోమవారాలు నంద్యాల కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. నేను కండ్ల డాక్టరు దగ్గరికి పోవాల్సి ఉండి ఒకసారి తోడు పోయినా. సిరివెళ్ల దాటేదాకా నేనే మాట్లాడినా, ఆయమ్మ కిటికీ లోంచి రోడ్డు పక్క కాలువలే చూస్తా కూర్చునింది. ఆఫీసు కాడ ఇంత పొడుగు వరుస. ముందర గడివేముల రైతు ఒకాయన, చేనికి మడక తోలుకపోయే దావ కోసం వచ్చినాడు. ఎనక మేము. ఒక గుమాస్తా గుర్తుపట్టి దగ్గరికొచ్చినాడు.

"మీరు కౌన్సిలర్ కదమ్మా. మీరు లోపల నుంచి రావచ్చు గదా, ఈ వరుసలో ఎందుకు?"

"లోపలి వరుసలో నిలబడి చూసినా సార్. అది కదలదు" అనింది మైమూనా.

గుమాస్తా నవ్వి, తనే ఒక కుర్చీ తెచ్చి నాకు వేసినాడు. ఇట్ల ఎన్ని సోమవారాలు తిరిగిందో. ఆఖరికి కాలువకు మంజూరయ్యింది. ఎండాకాలం ముగిసేటప్పుడు పని మొదలయ్యింది. వానలకు ముందే అయిపోవల్లని ఇంజనీరు సార్, కాంట్రాక్టరు, మైమూనా, ముగ్గురూ ఒకే మాట మీద ఉండిరి. అట్ల ముగ్గురు ఒకే మాట మీద ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

జేసీబీ పై నుంచి పాత బండలు లేపుకుంటా వచ్చింది. మైమూనా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు ఆ పక్క, ఒక పెద్ద బండను లేపి తిరగేసి పక్కన పెట్టింది. చూస్తే అడుగు పక్క ఆడమనిషి రూపు. కిరీటం ఉంది, చెవులకు కమ్మలున్నాయి, పెదాలున్నాయి. ముక్కు ఒక పక్క చితికి ఉంది. కండ్లు లేవు.

ఇది బయటి ఊరి వాళ్లకు వింత. మా శిల్పాల వీధిలో కాదు. చెక్కేటప్పుడు ఉలి తప్పితే ఆ విగ్రహం ఇంక గుడికి పోదు. అమ్మరు, కొట్టంలో పెట్టుకోరు. బోర్లా వేసి గడప కిందనో, కాలువ మీదనో బండగా వాడేస్తారు. ముఖం కిందికి, వీపు పైకి. మేమందరం వాటి మీదనే నడుస్తాంటాము. కండ్లు తెరిపించేది శిల్పి చివరి పని. కండ్లు తెరిపించేదాకా అది దేవుడు కాదు, రాయే. ఇది మాకు పుట్టినప్పటి నుంచి తెలుసు.

తెలిసీ చేసిన తప్పు ఏందంటే, ఆ రాయిని ఎవరూ వెంటనే బోర్లా వేయలే. సాయంత్రానికి దాని ముఖానికి పసుపు పడింది. మరుసటి దినం కుంకుమ. శుక్రవారం వచ్చేసరికి ఎర్రచీర, పైన ప్లాస్టిక్ పట్ట పందిరి. ఎవరో వెండి కండ్లు తెచ్చి అతికించిరి. శిల్పి తెరవని కండ్లు జనమే తెరిచిరి. జేసీబీ డ్రైవరు బండి దిగి చెప్పులిడిసి దండం పెట్టుకుని, "నేను ముట్టుకోనప్పా, నాకు పిల్లలుండారు" అని ఊరికి పోయినాడు.

మొదటి పసుపు ఎవరిదో కనుక్కోవల్లని నాకు ఉండబట్టలే. పాల బూత్ నడిపే సుష్మది. దాచను కూడా దాచలే.

"బురదలో ముఖం పైకి పెట్టుకుని పడుండె అవ్వా. ఆడమనిషి ముఖం. కుక్కలు తిరుగుతాండె. చూసి చూడనట్టు పోవల్నా? ఒక చెంబు నీళ్లు పోసి కడిగినా, ఇంత పసుపు పెట్టినా. కాలువ పని ఆగిపోతాదని నాకేం తెలుసు?"

దాంట్లో తప్పేం పట్టను?

పెద్దమనుషులు కూర్చునిరి. అమ్మవారిని కదిలించల్లంటే శాంతి చేయించల్ల, ముహూర్తం పెట్టల్ల అనిరి. పంతులు పంచాంగం చూసి, ఇప్పుడు ఆషాఢం, శ్రావణం వచ్చేదాకా కుదరదు అనినాడు. వానలు ఆషాఢంలోనే వస్తాయి. పంచాంగం చూడకనే వస్తాయి. కాలువ సగం తవ్వి నోరు తెరుచుకుని ఉంది. పైన మబ్బులు కమ్ముతాండాయి. కింద సందు మునిగితే పాత కాలువప్పుడు మునిగినట్టు కాదు, ఈసారి తవ్విన మట్టి అంతా లూదియా వాళ్ల ఇండ్లలోకే దిగుతాది.

అందరూ మైమూనా ముఖం చూసిరి. ఎట్ల మాట్లాడినా తప్పే. తీయమంటే, తురక ఆయమ్మ అమ్మవారిని పీకించింది అంటారు. ఉండనీ అంటే, కింద సందును ముంచింది అంటారు. మసీదు పక్క నుంచి కూడా సన్నగా మాటలు మొదలయినాయి, ఓట్ల కోసం రాయికి భయపడతాందని. జయప్రకాష్ ఆ దినం మా అంగడి ముందరే అడిగినాడు.

"ఏం మైమూనమ్మా, కాలువా, అమ్మవారా? ఒకటి తేల్చు."

"రెండూ నా వార్డులోనే ఉండాయి కదన్నా. నీ సిమెంటు అంగడి పక్క వార్డులో ఉంది, నీకెందుకు తొందర?" అనింది. అందరూ నవ్విరి. ఆయమ్మ నవ్వలే.

రెండు పొద్దులు ఆగి, ఇంజనీరు సారును పిలిపించింది. రాయి ఉన్న పక్క వద్దు, దానికి ముందరే రోడ్డు కింద తూము వేసి కాలువను ఈ పక్కకు తిప్పండి, రాయి దాటినాక మళ్లా ఆ పక్కకు తీసుకపోండి అనింది. సారు కొలిచి చూసి, "తిప్పొచ్చమ్మా, కానీ ఈ పక్క మీ ఇల్లు ఉంది. మీ మెట్లు, అరుగు తీసేయాలి. కుదరదంటే కుదరదు అనండి, నేను రాసుకుపోతా" అనినాడు. పాపం, ఆయప్ప వద్దనిపించుకునేదానికే చెప్పినట్టుండె.

ఇర్షాద్ లోపల నుంచి గునపం తెచ్చినాడు. భార్యాభర్తలు ముందే మాట్లాడుకుని ఉంటారు. మొదటి దెబ్బ ఆయప్పే వేసినాడు. నేను కూర్చునే మెట్టు కూడా పోయింది.

కాలువ పని అయిపోయింది. ఆ వారంలోనే వాన పడింది. పడడం అంటే అట్లిట్ల కాదు, వక్కిలేరు వంతెన దాకా పోయి జనం నీళ్లు చూసొచ్చినారు. కింద సందులో నీళ్లు గడప దాటలే. లూదియా గొడుగేసుకుని వీధంతా నడిచి అందరి ఇండ్లూ చూసుకునింది. మైమూనా ఇంటి ముందర నిలబడి, "అక్కా, మా నాయన నిద్రపోతాండాడు" అని చెప్పి పోయింది. అంతే.

మెట్లు పోయినాక మైమూనా వాళ్లు మళ్లీ కట్టుకోలే. కాలువ మీద ఒక బండ వేసుకుని నడుస్తాండారు. మిషను లోపలికి పోయింది. ఇంతకుముందులాగ పొయ్యేవాళ్లు వచ్చేవాళ్లు కనపడరు, బేరం తగ్గింది. వంకర కాడ రాతిపొడి ఆగి పేరుకుంటాది, దాన్ని గీకించాల్సిందీ ఆయమ్మే. ఎండ కాసిన దినం వాసన ఎవరింట్లోకి పోతాదో చెప్పనక్కర్లే. కాలువను తిప్పుకున్న సుఖం ఇది. అయినా పుకారు పుట్టింది. బండ వేసుకుని నడవడం కూడా జాలి కోసమే అంట.

నాకు తెలియంది ఒకటే మిగిలింది. ఆ రాయి ఎవరిది? ఏ కొట్టంలో తప్పిన ఉలి అది? ఆ శిల్పి ఒక్కడు వచ్చి, "ఇది నేను చెడగొట్టిన రాయి, కండ్లు తెరిపించలేదు, దేవత కాదు" అని ఉంటే పెద్దమనుషులూ పంతులూ ఎవరూ అడ్డం చెప్పేవాళ్లు కాదు. చెక్కినోని మాటకు మా ఊర్లో అంత విలువ. ఒక్క పూటలో రాయి లేచేది. ఎవరూ రాలే. ఎందుకు రాలే?

ఆ రాయి ముందర పోయే వాళ్లను చూస్తా కూర్చునినా. అంగడిలో కూర్చునేదానికి అంతకన్నా పనేముంది? స్కూలు పిల్లలు దండం పెట్టి పోతారు. ఆటోవాళ్లు హారన్ కొట్టి పోతారు. దండం పెట్టనోళ్లు కూడా ఒకసారి చూసి పోతారు. సుబ్బరామయ్య ఆచారి ఒక్కడు మాత్రం ఆడికొచ్చేసరికి తల తిప్పుకుని, చెప్పులు చూసుకుంటా పోతాడు. మా వీధిలో పెద్ద శిల్పి ఆయప్ప. సంజామల పక్క, గడివేముల పక్క ఆయప్ప చెక్కిన దేవుళ్లు లేని ఊరు లేదు. దేవుళ్లను చేసే మనిషి దేవత ముందర తల తిప్పుకుంటాండాడు. నాకు చాలు.

కొట్టానికే పోయినా. ఇప్పుడు ఆయప్ప చెక్కడం లేదు. మేనల్లుడు మనోజ్‌కు ఉలి అప్పజెప్పి, నంద్యాలలో రెండు కండ్లకూ ఆపరేషను చేయించుకుని, నల్ల అద్దాలు పెట్టుకుని నులకమంచం మీద కూర్చునుండాడు.

"ఏమప్పా ఆచారీ, ఆ రాయి నీదే కదా?" అని సూటిగా అడిగినా.

మనోజ్ మిషను ఆపి మా పక్క చూసినాడు. "నువ్వు కోసుకో రా" అని ఆచారి వానికి చెప్పి, మిషను చప్పుడు మొదలయినాక నాతో మాట్లాడినాడు.

"నాదే అక్కా. గడివేముల పక్క ఊరోళ్లు చేయించుకున్న అమ్మవారు. అప్పటికే కండ్లు మసకలు. గీత ఒకచోట, ఉలి ఒకచోట. ముక్కు కాడ పెచ్చు లేచింది. రాయిలో చీలిక ఉండిందని ఊరోళ్లకు చెప్పి, నేను తడిమి చెప్తాంటే మనోజ్ చేతులతో ఇంకోటి చేయించి పంపినా. అది అందరూ చేసే పనే. నాకు మసకలని మాత్రం ఎవరికీ చెప్పలే."

"మరి కాలువ నిలబడినప్పుడు వచ్చి చెప్పొచ్చు గదప్పా?"

"అప్పుడు ఈడ సంజామల వాళ్ల వీరభద్రుడు సగంలో ఉండె. పక్క ఊరి వాళ్లు ఇంకో రెండు అడిగిపోయిరి. ఆ రాయి నాదని ఒప్పుకుంటే, ముక్కు కాడ దెబ్బ చూసి అది చీలిక కాదు, చూపు తప్పిన ఉలి అని శిల్పులందరికీ తెలిసిపోతాది. చూపు లేనోని చేతికి దేవున్ని ఎవరిస్తారక్కా? కొట్టం మూసుకోవాల్సిందే. మనోజ్‌కు నేను లేకుండా చెక్కేంత చెయ్యి అప్పటికి ఇంకా తిరగలే."

"మైమూనాకు తెలుసా?"

ఆచారి అద్దాలు తీసి కండ్లు తుడుచుకునినాడు. ఆపరేషను కండ్లు, నీళ్లు కారతానే ఉంటాయి. దేనికి తుడుచుకునినాడో నేను అడగలే.

"పసుపు పూసిన మరుసటి దినమే వచ్చింది. నేను చెక్కే కమ్మకు కింద ఒక మొగ్గ ఉంటాది, ఇంకెవరూ చెక్కరు. అది చూసి గుర్తుపట్టింది. చిన్నప్పటి నుంచి నా పక్కనే కూర్చుని చూసిన పిల్ల కదా. 'మామా, అది నీ చేతిదే కదా' అనింది. నేను ఈ మంచం మీదనే కూర్చునుండా, లేవలే. ఆ పిల్ల కొట్టంలో సగం అయిన వీరభద్రున్ని చూసి, 'సరే మామా, నువ్వేం మాట్లాడాకు' అని పోయింది. అంతే అక్కా. మళ్లా ఆ మాట ఎత్తలే. మెట్లు పగలగొట్టిన చప్పుడు నాకు ఈడికి వినపడింది. నేను పోలే."

ఆయప్ప అద్దాలు మళ్లా పెట్టుకునినాడు.

"ఇప్పుడు వీరభద్రుడు ఊరికి చేరినాడు. మనోజ్ చెయ్యి నిలబడింది. నువ్వు రాస్తావని విన్నా. రాయి. నా పేరు పెట్టే రాయి. ఆ అమ్మవారు ఇంక నా రాయి కాదు, ఇంతమంది మొక్కినారు, అది వాళ్లది. కాలువ వంకర మాత్రం నాది. అది మైమూనాది కాదని రాయి."

రాసినా. జయప్రకాష్ కూడా చదువుకోవచ్చు.

ఆచారి దగ్గర నుంచి నేరుగా మైమూనా ఇంటికే పోయినా. వాకిట్లో చీపురు, పార పెట్టుకుని, వంకర కాడ పేరుకున్న తెల్లమట్టిని తానే గీకుతాండాది. మున్సిపాలిటీ పనోళ్లు ఆ దినం రాలేదంట. నన్ను చూసి, "జాగ్రత్తవ్వా, బండ జారతాది" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకపోయింది. కూర్చునేదానికి మెట్టు లేదు, మిషను ముందర స్టూలు వేసింది. ఇర్షాద్ ఏదో మోటారుకు వైరు చుట్టుకుంటా కూర్చునుండాడు.

"ఆచారి అంతా చెప్పినాడు" అన్నా.

చేతి మట్టి కడుక్కుంటాండేది ఆగింది. ఇర్షాద్ కూడా వైరు చుట్టడం ఆపినాడు.

"ఏం చెప్పినాడు?"

"చెప్పాల్సిందంతా. నేను రాస్తాండా, ఆయప్పే రాయమన్నాడు. నీ మీద పుకారు ఊరంతా తిరుగుతాంటే చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునుండావు. ఎలక్షన్లు వస్తాండాయి. నీ ఇంట్లోకి కంపు, నీ బేరం పాయె, నీ మెట్లు పాయె, నా మెట్టూ పాయె. ఆ దినం ఆచారి పేరు ఒక్కటి చెప్పింటే రాయి లేచేది, కాలువ తిన్నగా పోయేది. యాల చెప్పలే మే? నాకు నిజం చెప్పు."

మైమూనా కొంగుతో చేతులు తుడుచుకునింది. మొగుని పక్క ఒకసారి చూసింది.

"ఆ మాట ఆచారి మామే చెప్పల్ల గదవ్వా. నేను చెప్తే, ఆయప్ప కొట్టం నేను మూయించినట్టే. ఆయప్ప అంతట ఆయప్ప ఎప్పుడు నోరు తెరుస్తాడో నాకేం తెలుసు? చూడు, తెరిచేదానికి ఇన్నాళ్లు పట్టింది. మెట్లు పగలగొట్టేదానికి ఒక పూట చాలు. మబ్బు అప్పటికే అహోబిలం కొండ మీదికి వచ్చిండె, ఏది బేగా అయితాదో అది చేసినా. నువ్వు నన్నేదో మహాతల్లిని చేసి రాసేవు, వద్దు. ఆ బండ మీద నా కాలు జారిన ప్రతిసారీ ఆచారి మామను నోరారా తిట్టుకుంటానే ఉండా."